ఒరిజినల్ సర్టిఫికెట్లు తాకట్టు సరుకు కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

కౌన్సెలింగ్‌లు మొదలయ్యే రోజుల్లో ఏటా రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త వస్తుంది. ఫీజు బాకీ ఉందని కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వలేదు, విద్యార్థి సంఘాలు గేటు ముందు బైఠాయించాయి, ఎమ్మెల్యే ఫోన్ చేశాక ఇచ్చారు. వార్త అక్కడితో ముగుస్తుంది. ఎమ్మెల్యే ఫోను దొరకని విద్యార్థి ఏం చెయ్యాలో అందులో ఉండదు. చట్టం ఏమంటోంది, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజులు ఆగాలి, పని ఎక్కడ చెడుతుంది అన్నవి విద్యార్థులకు, తల్లిదండ్రులకు తెలియజేయడానికే ఈ ఉత్తరం. పొడవు ఎక్కువైనా కుదించకుండా అచ్చు వేయమని మనవి.

ముందు కళాశాలల వాదన చూద్దాం. ‘బాకీ ఉంది, అందుకే ఉంచుకున్నాం’ అంటారు. ఒకరి వస్తువును బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కును చట్టంలో లీన్ అంటారు. అది అడిగిన ప్రతివారికీ దక్కే హక్కు కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో దీనికి రెండు సెక్షన్లున్నాయి. 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమా నైపుణ్యమూ పెట్టినవాడు తన కూలి వచ్చేదాకా ఆ వస్తువును ఉంచుకోవచ్చు. చట్టమే ఉదాహరణ కూడా ఇచ్చింది: కోసి సానపట్టమని నగల పనివాడికి ముడి వజ్రం ఇస్తే, పని చేశాక కూలి ఇచ్చేదాకా అతను వజ్రం ఆపుకోవచ్చు. కళాశాల మీ పదో తరగతి మెమో మీద ఏ సానపనీ చేయలేదు. బీరువాలో పెట్టింది, అంతే.

171వ సెక్షన్ మరికొంత విశాలమైన హక్కు ఇస్తుంది, కానీ ఐదు రకాల వారికే: బ్యాంకర్లు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఫ్యాక్టర్లు, రేవులో సరుకు దించి భద్రపరిచే వార్ఫింజర్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. ఇంకెవరికైనా ఈ హక్కు ఉందనాలంటే స్పష్టమైన ఒప్పందం ఉండాలి. విద్యాసంస్థల పేరు ఈ జాబితాలో లేదు. పైగా ఈ హక్కు వర్తించేది సరుకుకు. చదువు సర్టిఫికెట్ అమ్ముకునే సరుకు కాదని, దాని మీద 171 కింద లీన్ ఉండదని మద్రాస్ హైకోర్టు చెప్పింది. జాబితాలో పేరున్న వకీళ్ల సంగతే చూడండి. ఫీజు ఇవ్వలేదని క్లయింటు కేసు ఫైలు ఆపుకోవడం న్యాయవాదికి కూడా కుదరదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వకీలుకు లేని హక్కు కరస్పాండెంటుకు ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి కళాశాల ఆఫీసులో సిద్ధంగా ఉండే జవాబు ‘అండర్‌టేకింగ్’. చేరిన రోజు పది కాగితాల మధ్యలో పెట్టి సంతకం చేయించుకున్న పత్రం అది. ‘కోర్సు మధ్యలో మానేస్తే మొత్తం నాలుగేళ్ల ఫీజు కడతాను, అప్పటిదాకా సర్టిఫికెట్లు అడగను’ అని అందులో ఉంటుంది. దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు, కానీ పక్కన పడేయడానికీ లేదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

సంతకం పెట్టిన రోజు వయసెంత? 18 నిండని వారు చేసిన ఒప్పందం చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో నాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ చెప్పింది, నేటికీ అదే చట్టం. ఇంటర్‌లో చేరేవారిలో దాదాపు అందరూ, ఇంజనీరింగ్, డిగ్రీ మొదటి ఏడాదిలో చేరేవారిలో చాలామంది ఆ రోజుకు మైనర్లే. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది, అండర్‌టేకింగ్ మీద సంతకం చేసిన తేదీ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. తండ్రి కూడా సంతకం పెట్టి ఉంటే ఆయన ఒప్పుకున్న మేరకు ఆయన బాధ్యుడవుతాడేమో కానీ, పిల్లవాడి సంతకానికి దానివల్ల ప్రాణం రాదు.

ఒప్పందం ఉద్దేశం చట్టబద్ధమేనా? అదే ఒప్పందాల చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని వమ్ము చేసే ఒప్పందం, ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లవు. ఒరిజినల్స్ ఉంచుకోవద్దని నియంత్రణ సంస్థ యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) ఆదేశించాక, ఉంచుకుంటామని రాయించుకున్న షరతు ఎంత పెద్ద స్టాంపు పేపరు మీద ఉన్నా నిలవదు.

మూడోది డబ్బు అంకె. మానేస్తే ఇంత కట్టాలని రాసుకున్నా, 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. ఖాళీ అయిన సీటును తర్వాతి విడతలో నింపుకున్న కళాశాలకు నాలుగేళ్ల ఫీజు నష్టం ఎలా వచ్చిందో అదే చెప్పుకోవాలి.

ఇక్కడ కళాశాలల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చదివిన ఏడాదికి కట్టాల్సిన ఫీజు నిజమైన బాకీయే. సర్టిఫికెట్లు ఆపకూడదు అనడానికీ బాకీ రద్దయింది అనడానికీ పొంతన లేదు. బాకీ వసూలుకు కళాశాల మామూలు సివిల్ దావా వేసుకోవచ్చు, సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. 2003 ఇస్లామిక్ అకాడమీ తీర్పులో సుప్రీంకోర్టు ఒకసారికి ఒక ఏడాది లేదా ఒక సెమిస్టర్ ఫీజు మాత్రమే తీసుకోవాలంది. విద్యార్థి మధ్యలో వెళ్లిపోతాడనే అనుమానం ఉంటే మహా అయితే మిగతా ఫీజుకు బాండో బ్యాంకు గ్యారంటీయో అడగవచ్చంది. అంటే కళాశాల కోసం కోర్టు ఆలోచించిన రక్షణ అదీ. సర్టిఫికెట్లు పట్టి ఉంచడం అందులో లేదు. అందువల్ల విద్యార్థి తన అర్జీలో ‘నేను ఏ బాకీ లేను’ అని అబద్ధం రాయనక్కర్లేదు. ఆ అబద్ధం తర్వాత కోర్టులో కేసుకే చేటు.

ఇప్పుడు అసలు విషయం. ‘సర్టిఫికెట్లు’ అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు కానీ కళాశాల బీరువాలో ఉండేవి మూడు జాతుల కాగితాలు. ఒక్కోదానికి చట్టం ఒక్కో రకంగా పనిచేస్తుంది. చాలా అర్జీలు దెబ్బతినేది ఈ తేడా తెలియకే.

మొదటి జాతి, విద్యార్థి బయటి నుంచి తెచ్చి ఇచ్చినవి: ఎస్సెస్సీ మెమో, ఇంటర్ మెమో, కులం, ఆదాయం, నివాసం పత్రాలు. వీటి విషయంలో చట్టం అత్యంత గట్టిగా ఉంది. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం చేరే సమయంలో ఒరిజినల్స్‌ను విద్యార్థి సమక్షంలోనే పరిశీలించి, వెంటనే తిరిగి ఇచ్చేసి, స్వయంగా ధ్రువీకరించిన జిరాక్సులు మాత్రం ఉంచుకోవాలి. దరఖాస్తు దశలో ఒరిజినల్స్ అడగనే కూడదు. డిగ్రీ, పీజీ, పరిశోధన కోర్సులు నడిపే విశ్వవిద్యాలయాలకు, వాటి అనుబంధ కళాశాలలకు ఇది వర్తిస్తుంది. ‘కోర్సు అయ్యేదాకా మా దగ్గరే భద్రంగా ఉంటాయి’ అనే మాటకు దీని ముందు విలువ లేదు.

రెండో జాతి, విశ్వవిద్యాలయం ఇచ్చి కళాశాల చేతుల మీదుగా వచ్చేవి: సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ. ఇక్కడ కళాశాల పోస్టుమన్ మాత్రమే. విద్యార్థి అర్హత పొందిన 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం చేయాలని యూజీసీ 2008 నిబంధనలు చెబుతున్నాయి. ఇవి ఆగితే ప్రిన్సిపల్‌తో పాటు విశ్వవిద్యాలయం పరీక్షల నియంత్రణాధికారికీ, రిజిస్ట్రార్‌కూ ఒకేసారి రాయాలి. ‘నా పట్టాను మీ అనుబంధ కళాశాల అందజేయడం లేదు, నేరుగా ఇప్పించండి’ అన్నది అక్కడ కోరాల్సిన కోరిక. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లేవారికి నొప్పి తెలిసేది ఇక్కడే. ట్రాన్స్‌క్రిప్టు ఆలస్యమైతే సెమిస్టరే పోతుంది.

మూడోది, కళాశాల తానుగా రాసి ఇచ్చేవి: టీసీ, కండక్ట్, స్టడీ లేదా బోనఫైడ్. చట్టం మాట అతి పలచగా ఉన్నది ఇక్కడ. 14 ఏళ్లలోపు బడిపిల్లల విషయంలో సందేహమే లేదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్యకు గురవుతాడు. టీసీ రాలేదన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదు. ఇంటర్, డిగ్రీ స్థాయిలో అంత సూటి నిబంధన లేదు. ‘నో డ్యూ’ (బాకీ లేదన్న పత్రం) అడగడం కళాశాలల ఆనవాయితీ. కాబట్టి టీసీ కోసం పోరాడేటప్పుడు బలం యూజీసీ నోటిఫికేషన్ మీద కాదు, లీన్ లేదన్న సూత్రం మీద, హైకోర్టు మీద పెట్టాలి. ఈలోగా కొత్త కళాశాలకు, పాత కళాశాలలో ఇచ్చిన అర్జీ రసీదు చూపించి, టీసీ తర్వాత ఇస్తానని రాసిచ్చి తాత్కాలికంగా చేర్చుకోమని అడగవచ్చు. ఒప్పుకునే సంస్థలు ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి.

డబ్బు వాపసు సంగతికి వద్దాం. చేరి మానేసిన వారికి 2018 నోటిఫికేషన్‌లోనే లెక్క ఉంది. అడ్మిషన్లకు అధికారికంగా ప్రకటించిన చివరి తేదీ నుంచి కొలవాలి. ఆ తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే నూటికి నూరు, ప్రాసెసింగ్ కింద 5 శాతం మించకుండా, అదీ 5,000 రూపాయలు దాటకుండా కోసుకోవచ్చు. 15 రోజుల కన్నా తక్కువ ముందైతే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం. 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. 30 రోజులు దాటితే సున్నా. కాషన్ డిపాజిట్, సెక్యూరిటీ డిపాజిట్ ఈ లెక్కలోకి రావు, వాటిని ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాల్సిందే. అర్జీ అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించాలి.

అంకెల్లో చూస్తే స్పష్టంగా ఉంటుంది. కట్టిన ఫీజు 80,000, చివరి తేదీ ఆగస్టు 31 అనుకోండి. ఆగస్టు 10న అర్జీ ఇస్తే 4,000 పోను 76,000 రావాలి. 25న ఇస్తే 72,000. సెప్టెంబరు 10న 64,000. 25న 40,000. అక్టోబరు 5న ఏమీ రాదు. ‘మాటతో చెప్పాను సార్, ఆగస్టులోనే చెప్పాను’ అనే విద్యార్థి 40,000 దగ్గర ఆగిపోయేది ఎందుకంటే, లెక్కలోకి వచ్చేది అర్జీ తేదీ. ఇన్‌వార్డు ముద్ర లేని తేదీ కళాశాల ఒప్పుకోదు. ఇంకో సంగతి: కొన్నేళ్లుగా యూజీసీ ఆయా విద్యాసంవత్సరాలకు ఇంతకన్నా ఉదారమైన గడువులు ప్రకటిస్తోంది. 2024-25కి సెప్టెంబరు 30 దాకా మానేసినవారికి పూర్తి వాపసు, అక్టోబరు 31 దాకా 1,000 రూపాయలు మించని కోత అంది. అడ్మిషన్ల షెడ్యూలు అక్టోబరు 31 దాటి సాగే కోర్సులకే పై లెక్క. కాబట్టి ఆ ఏడాది ప్రకటన ఏమిటో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకుని, దాని కాపీ అర్జీకి జతచేయాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), ఐసెట్ వంటి కన్వీనర్ కోటా సీట్లయితే ఫీజు కట్టింది కన్వీనర్ ఖాతాకు. కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో చెప్పిన రద్దు తేదీలోపు ఆన్‌లైన్‌లోనే రద్దు చేసుకోవాలి. కళాశాల చుట్టూ తిరగడం వృథా.

ఇక పద్ధతి. హైకోర్టులో మాండమస్ రిట్ (చేయాల్సిన పని చేయమని ఆదేశించాలని కోరే పిటిషన్) వేసినవారిని న్యాయమూర్తి మొదట అడిగేది, ‘మీరు అడిగారా, వారు కాదన్నారా’ అని. అడిగినట్టూ, కాదన్నట్టూ కాగితం లేకపోతే రిట్ అక్కడే కుంటుతుంది. అందుకని మొదటి అడుగు ఎంత చిన్నదైనా అదే పునాది. తెల్లకాగితం మీద ప్రిన్సిపల్ పేరిట ఇలా రాస్తే సరిపోతుంది:

‘నేను మీ కళాశాలలో ఫలానా హాల్‌టికెట్ నంబరుతో ఫలానా కోర్సు చదివాను. చేరిన రోజున ఈ కింది ఒరిజినల్ సర్టిఫికెట్లు మీకు అప్పగించాను (పేర్లు, నంబర్లు). 2018 అక్టోబరు యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం వాటిని ఉంచుకోవడానికి వీల్లేదు. ఈ అర్జీ అందిన ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వమని, ఇవ్వలేకపోతే ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఉంచుకున్నారో రాతపూర్వకంగా తెలపమని కోరుతున్నాను. నా ఫీజు ఖాతా వివరాలు వేరుగా ఇప్పించండి. న్యాయంగా తేలిన బాకీ విషయం విడిగా పరిష్కరించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.’

ఆ చివరి వాక్యం వదలొద్దు. దానివల్ల కళాశాల వాదనలో సగం గాలి పోతుంది. ‘ఏ సెక్షన్ కింద’ అన్న ప్రశ్న కూడా ముఖ్యం. దానికి జవాబు రాయడానికి ఏ ఆఫీసూ ఇష్టపడదు, జవాబు రాకపోవడమే తర్వాత సాక్ష్యం. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే గొడవ పడకుండా బయటికొచ్చి, అదే కాగితాన్ని పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, కౌంటర్లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలని అడగాలి. అదే రోజు కళాశాల అధికారిక ఈమెయిల్‌కు స్కాన్ కాపీ పంపాలి. వాట్సాప్‌లో క్లర్కుకు పెట్టిన మెసేజ్‌ను అదనపు ఆధారంగా ఉంచుకోవచ్చు, దాని మీదే ఆధారపడకూడదు.

ఈ దశలో చేతిలో పెట్టే ఒక కాగితం విషయంలో జాగ్రత్త. ‘సర్టిఫికెట్లు ఇస్తాం, ముందు దీని మీద సంతకం పెట్టు’ అని ‘నా ఇష్టపూర్వకంగా సీటు వదులుకుంటున్నాను, ఎలాంటి వాపసూ కోరను’ అన్న పత్రం ఇస్తారు. అత్యవసరమై సంతకం పెట్టక తప్పకపోతే, సంతకం పక్కనే ‘సర్టిఫికెట్ల కోసం అభ్యంతరంతో’ అని చేత్తో రాసి తేదీ వేయాలి. ఫొటో తీసుకోవాలి.

ఏడు రోజులు గడిచాక రెండో మెట్టు, విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఇది ఉండాలి. ప్రొఫెసర్ అధ్యక్షుడు, నలుగురు అధ్యాపకులు, ఆహ్వానితుడిగా ఒక విద్యార్థి ప్రతినిధి ఉంటారు. కమిటీలో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి కనీసం ఒకరు ఉండాలి. మానేసిన కోర్సుకు ఫీజు వసూలు చేయడం కోసం సర్టిఫికెట్లు ఆపడాన్ని ఈ నిబంధనలు ‘ఫిర్యాదు’ నిర్వచనంలోనే చేర్చాయి. ప్రాస్పెక్టస్‌లో చెప్పినదానికన్నా ఎక్కువ ఫీజు అడగడం కూడా అందులో ఉంది. కమిటీ 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే, నిర్ణయం అందిన 15 రోజుల్లో విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి. మాజీ వైస్‌చాన్స్‌లర్, పదేళ్ల అనుభవమున్న రిటైర్డ్ ప్రొఫెసర్ లేదా మాజీ జిల్లా జడ్జి ఆ పదవిలో ఉంటారు. 30 రోజుల్లో తేల్చాలన్నది నియమం. ఆదేశం పాటించని సంస్థకు గ్రాంట్లు ఆపడం దాకా యూజీసీకి అధికారాలున్నాయి.

కాగితం మీద ఇది బాగుంది. ఆచరణలో చాలా ప్రైవేటు కళాశాలల్లో ఈ కమిటీ నోటీసు బోర్డు మీద పేర్లకే పరిమితం. కమిటీ లేదన్నా, ఫిర్యాదు తీసుకోకపోయినా ఆగిపోవద్దు. ‘కమిటీ అధ్యక్షులకు’ అని రాసి పోస్టు చేసి, గడువు దాటాక ఆ రసీదుతోనే అంబుడ్స్‌పర్సన్‌కు, రిజిస్ట్రార్‌కు వెళ్లాలి. అంబుడ్స్‌పర్సన్‌నే నియమించని 157 విశ్వవిద్యాలయాల జాబితాను 2024లో యూజీసీయే ప్రకటించిందంటే పరిస్థితి అర్థమవుతుంది. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అది సాధారణంగా తిరిగి విశ్వవిద్యాలయానికే వెళుతుంది, కానీ పై నుంచి వచ్చిన కాగితానికి కాళ్లు వేగంగా కదులుతాయి.

మూడో మెట్టు హైకోర్టు. ప్రైవేటు కళాశాల మీద రిట్ ఎలా అని కొందరు న్యాయవాదులే సందేహిస్తారు. ప్రజా విధి నిర్వర్తించే ప్రైవేటు ట్రస్టు కళాశాల మీద కూడా రాజ్యాంగం 226వ అధికరణం కింద మాండమస్ వెళుతుందని 1989లో ఆండీ ముక్త కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కళాశాలను ఒక్కదాన్నే కాకుండా ఉన్నత విద్యాశాఖను, విశ్వవిద్యాలయాన్ని, యూజీసీ లేదా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి)ని ప్రతివాదులుగా చేర్చాలి. రిట్‌లో కోరిక ఒక్కటే ఉండాలి: సర్టిఫికెట్లు ఇప్పించడం. ఫీజు ఎంత బాకీ, ఎంత వాపసు అనే లెక్కల తగాదా అందులో కలిపితే, ‘వాస్తవాల వివాదం, సివిల్ కోర్టుకు వెళ్లండి’ అనే జవాబుకు దారి ఇచ్చినట్టే. ప్రవేశాల చివరి తేదీ దగ్గర పడితే ఆ నోటిఫికేషన్ జతచేసి మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

వకీలు ఫీజు భయంతో ఈ మెట్టు ఎక్కనివారే ఎక్కువ. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అంటే అమ్మాయి అయితే తండ్రి జీతం ఎంతైనా సరే అర్హురాలే. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. హైకోర్టులో కేసులకు హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉంది. ఫోన్ చేయాలంటే 15100. కేసు దాకా పోకుండానే ఆ సంస్థ కళాశాలకు నోటీసు ఇచ్చి పిలిపిస్తే తేలిపోయే తగాదాలు ఇవి.

తప్పు తలుపులు కొట్టి రోజులు పోగొట్టుకోవడం గురించి. పోలీస్ స్టేషన్‌కు వెళితే ‘సివిల్ వ్యవహారం’ అంటారు, చాలా సందర్భాల్లో ఆ మాట తప్పు కాదు. బెదిరింపు, దాడి, నిర్బంధం, కులదూషణ జరిగితే మాత్రం అది వేరే నేరం. అప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కింద ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ కోరవచ్చు, కాపీ ఉచితం. వినియోగదారుల కమిషన్ రెండో తప్పు తలుపు. కళాశాలలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2012 పి.టి. కోషీ కేసులో సుప్రీంకోర్టు అంది. ఈ అంశం మళ్లీ సుప్రీంకోర్టు పరిశీలనకు వెళ్లింది కానీ, దాని మీద ఆశ పెట్టుకుని ఏడాది పోగొట్టుకోవద్దు. కోచింగ్ సెంటర్ అయితే కథ వేరు. వాటి సేవాలోపం వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి వస్తుందని జాతీయ కమిషన్ 2020లో మను సోలంకి కేసులో చెప్పింది. నీట్, గ్రూప్స్ కోచింగ్ మధ్యలో మానేసి సొమ్ము అడిగేవారు ముందు 1915కు ఫోన్ చేసి, కుదరకపోతే తామున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల దాకా రుసుము లేదు. మూడోది, ప్రైవేటు కళాశాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం. దానికి జవాబు వచ్చే అవకాశం తక్కువ. అదే దరఖాస్తు విశ్వవిద్యాలయానికి పెడితే పని జరుగుతుంది: ‘ఈ కళాశాలకు నిర్ణయించిన ఫీజు ఎంత, సర్టిఫికెట్లు ఆపవద్దని మీరిచ్చిన సర్క్యులర్ కాపీ ఇవ్వండి’ అని. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5, ఆపై 10 రూపాయలు. గడువు 30 రోజులు. ఇక ఇంటర్, డిప్లొమా విద్యార్థులు యూజీసీకి రాయడం నాలుగో పొరపాటు. ఇంటర్ వారు జిల్లాలోని ఇంటర్ విద్యాధికారికి, బోర్డు కార్యదర్శికి, పాలిటెక్నిక్ వారు సాంకేతిక విద్యా మండలికి రాయాలి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ విద్యార్థుల బాధ మరీ విచిత్రం. బాకీ పడింది ప్రభుత్వం, కాగితాలు ఆగేది పిల్లవాడివి. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోవడం, కళాశాలలు జీతాలు ఇవ్వలేక గగ్గోలు పెట్టడం కొత్తేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో సొమ్ము తల్లుల ఖాతాల్లో వేశారు, అప్పుడు తల్లి కట్టిందా లేదా అనే కొత్త తగాదా పుట్టింది. కళాశాల ఇబ్బంది నిజమే, కానీ దాని తగాదా ప్రభుత్వంతో. విద్యార్థి తెలంగాణ ఈపాస్ లేదా ఆంధ్రప్రదేశ్ జ్ఞానభూమి పోర్టల్ నుంచి తన దరఖాస్తు స్థితి, మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం ఉన్న పేజీని ముద్రించి అర్జీకి జతచేయాలి. ‘ఇప్పుడు నువ్వు కట్టు, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం’ అన్నప్పుడు, తప్పక కట్టాల్సి వస్తే నగదు ఇవ్వొద్దు. బ్యాంకు ద్వారా కట్టి, రసీదు మీద ‘రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాపసు చేయవలసిన మొత్తం’ అని రాయించుకోవాలి. రాయకపోతే అదే మాటతో ఈమెయిల్ పంపాలి. ఆ సొమ్ము వాపసు రాని చాలా ఉదంతాల్లో లేనిది ఆ ఒక్క వాక్యమే.

ఇంత తతంగం అవసరం లేకుండా చేసే పని చేరే రోజునే ఉంది. ఒరిజినల్స్ చూపించి, ఎదురుగా పరిశీలించాక వెనక్కి తీసుకోవడం. ‘అందరూ ఇచ్చారు’ అంటే, ఏయే సర్టిఫికెట్లు, వాటి నంబర్లు, ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నది ముద్రతో రసీదు ఇవ్వమనండి. ఆ రసీదు లేకనే, కళాశాల ‘మాకు ఇవ్వనే లేదు’ అన్న రోజు నోరు పడిపోతుంది. అన్నీ రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోవాలి. బోర్డు డిజిలాకర్‌లో పెట్టిన మెమో ఉంటే అది ఒరిజినల్‌తో సమానమని ఐటీ చట్టం కింది డిజిటల్ లాకర్ నిబంధనల్లోని 9ఏ చెబుతోంది. కొత్త కళాశాలలో పరిశీలనకు, ఉద్యోగానికి అది పనికొస్తుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. కౌన్సెలింగ్ షెడ్యూలు వేసే రోజున ఆ పక్కనే ఒక చిన్న బాక్సులో మూడు సంగతులు వేయండి: ఆ ఏడాదికి యూజీసీ ప్రకటించిన వాపసు తేదీలు, జిల్లాలోని కళాశాలలు ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో ఆ విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్ పేరు, అధికారిక ఈమెయిల్, జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిరునామా. వీటిలో అంబుడ్స్‌పర్సన్ వివరాలను సంస్థలు తమ వెబ్‌సైట్‌లో, ప్రాస్పెక్టస్‌లో పెట్టాలని నిబంధన ఉంది. అంబుడ్స్‌పర్సన్ పేరు మీ విలేఖరికి వెబ్‌సైట్‌లో దొరక్కపోతే, ఆ బాక్సులో ఆ చోటు ఖాళీగా వదిలి విశ్వవిద్యాలయం పేరు మాత్రం అచ్చు వేయండి.

ఇట్లు,
న్యాయశాస్త్ర అధ్యాపకులు, న్యాయవాదులు కొందరు,
హనుమకొండ